ఆచూకీ పెట్టె: మేనకోడలికి ఒక ఉత్తరం

తల్లాడ,
2025 అక్టోబర్ 12.

చిరంజీవి సింధుకు,

ఇక్కడ పత్తి తీతలు మొదలయ్యాయి, వాన మాత్రం ఇంకా వదిలిపోనంటోంది. నువ్వూ నీ స్నేహితులు ముగ్గురూ కలిసి పాత సెస్నా 150 కొన్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది. ఆ రెండోదాని సంగతి చివర్లో చెప్తాను.

నీ వాట్సాప్ కబురు చదివాను. ఆ విమానంలో తన ఆచూకీ తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ పెట్టె లేదు, పెట్టించే విషయంలో మీ నలుగురికీ ఏకాభిప్రాయం కుదరడం లేదు. మన విమానం ఉండేది డల్లాస్ ముప్పై మైళ్ళ వలయానికి బయట, చట్టం అడగని దానికి వేల డాలర్లెందుకని ఒకరి వాదన. మనం ఎటు వెళ్ళామో లోకానికంతా చాటుకోవడమెందుకని ఇంకొకరి వాదన. బేగంపేట విమానాశ్రయంలో రేడియో పరికరాల మధ్యే ఉద్యోగం ముగించినవాణ్ణి కదా అని నన్ను అడిగావు. నాలుగు ముక్కల్లో తేలేది కాదు గనక ఉత్తరమే రాస్తున్నాను.

నా మాట ముందే చెప్తున్నా: పెట్టించు. అయితే ఎందుకు పెట్టిస్తున్నావో తెలిసి పెట్టించు. అది చేయని పనిని చేస్తుందనుకుని పెట్టించుకున్నవాళ్ళు, అసలు లేనివాళ్ళకన్నా ఎక్కువ ప్రమాదంలో పడతారు.

మొదట మూడు పరికరాలను విడివిడిగా చూడు. చాలామంది పైలట్లు కూడా వీటిని కలగాపులగం చేస్తారు. ట్రాన్స్‌పాండర్ అడిగితే జవాబిస్తుంది. కింద రాడార్ ప్రశ్న పంపితే తన నంబరు, ఎత్తు చెబుతుంది. రాడార్ అందని చోట దాన్ని అడిగేవాడు లేడు. ఏడీఎస్-బీ ఎవరూ అడగకపోయినా చెబుతుంది. జీపీఎస్ నుంచి తన స్థానం తెలుసుకుని, ఎక్కడున్నాను, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఎటు అని సెకనుకోసారి చుట్టూ ప్రసారం చేస్తుంది. దాన్ని కింది స్టేషనూ వింటుంది, పక్కనున్న విమానమూ వింటుంది. మూడోది ఈఎల్‌టీ. అది మామూలుగా నోరు మెదపదు. విమానం కూలినప్పుడు ఆ దెబ్బకు మేలుకుని సాయం కోసం ఉపగ్రహానికి కేక పెడుతుంది. మొదటి రెండూ నువ్వు బాగున్నప్పుడు ఎదుటివాళ్ళ కోసం. మూడోది నీకు బాగోలేనప్పుడు నీకోసం. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఈ తేడా మరవకు.

ఆ వలయంలో పెట్టె ఉండి తీరాలన్న నిర్బంధం ఏ గుమాస్తానో పొద్దుపోక రాసింది కాదమ్మా. దాని వెనక శవాలున్నాయి. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలస్ పక్కన సెరిటోస్ అనే చోట, ముగ్గురున్న చిన్న పైపర్ విమానం పొరపాటున పెద్ద విమానాల దారిలోకి వచ్చి ఏరోమెక్సికో డీసీ-9ను ఢీకొంది. రెండు విమానాల్లో 67 మంది, కింద ఇళ్ళలో 15 మంది, మొత్తం 82 మంది పోయారు. ఆ పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ ఎత్తు చెప్పే భాగం లేదు. పెద్ద విమానాశ్రయాల చుట్టూ ముప్పై నాటికల్ మైళ్ళ లోపల, అంటే దాదాపు 55 కిలోమీటర్ల లోపల, ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ ఉండి తీరాలన్న నియమం ఆ తర్వాత వచ్చింది. మీ స్నేహితుడు ‘మనం బయటే ఉన్నాం’ అంటున్న ఆ వలయం పుట్టుక ఇది.

మన దగ్గరా అంతే. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ జంబో విమానం, కజకిస్తాన్ ఇల్యూషిన్ ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అప్పటికి ఢిల్లీలో విమానాల ఎత్తును తెరమీద చూపించే రాడార్ వాడుకలో లేదు. పైలట్ రేడియోలో చెప్పిన ఎత్తే ఆధారం. ఆ తర్వాతే మన ప్రభుత్వం పెద్ద విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే యంత్రాన్ని తప్పనిసరి చేసింది. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మీద ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయిన సంగతి నువ్వు నాకంటే దగ్గరగా విన్నావు. ఆ హెలికాప్టర్ ఏడీఎస్-బీ ప్రసారం చేయడం లేదు. అది ఉంటే ప్రమాదం తప్పేదని నేననను, అక్కడ జరిగిన తప్పులు చాలా ఉన్నాయి. కానీ రద్దీ ఆకాశంలో ఒకరికి మినహాయింపు ఇస్తే దాని మూల్యం ఇంకొకరు చెల్లించవలసి రావచ్చని మాత్రం అది చూపించింది.

ఇక ఎదురు ఎవరూ లేని చోట సంగతి. నువ్వు ఓక్లహోమా కొండల మీదుగా, అర్కాన్సా అడవుల మీదుగా వెళ్ళాలని ఆశపడుతున్నావు గనక ఇది నిదానంగా చదువు.

మన తెలుగు నేల మీదే రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. చుట్టూ ఊళ్ళు, చెరువు గట్ల మీద మనుషులు. వెతకవలసిన పనే లేకపోయింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు చిత్తూరు జిల్లా వెళ్ళడానికి బేగంపేటలో ఉదయం 8:38కి బెల్ 430 ఎక్కారు. తొమ్మిదిన్నర దాటాక ఆ హెలికాప్టర్ ఎవరికీ అందలేదు. ఆ పగలంతా, ఆ రాత్రంతా రాష్ట్రం నిద్రపోలేదు. వాయుసేన హెలికాప్టర్లు తిరిగాయి, సుఖోయ్ యుద్ధవిమానాన్ని పంపారు, ఇస్రో ఉపగ్రహంతో చిత్రాలు తీయించింది, వేలమంది పోలీసులు, చెంచులు నల్లమల్లో నడిచారు. మర్నాడు ఉదయం వాయుసేన హెలికాప్టర్‌లోని వాళ్ళకు పావురాలగుట్ట మీద శిథిలాలు కనిపించాయి. అయిదుగురూ చనిపోయారు.

ముఖ్యమంత్రి ఎక్కిన హెలికాప్టర్‌ను పట్టుకోవడానికే ఒక రోజు పట్టింది. నలుగురు ఉద్యోగులు వాటాలు వేసుకుని కొన్న సెస్నా కోసం సుఖోయ్‌లు ఎగరవు. వానాకాలం అడవి పైనుంచి ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గరే చాలు. ఏన్కూరు దాటి జూలూరుపాడు, కొత్తగూడెం వైపు పోయేకొద్దీ, ఆపైన కిన్నెరసాని మీద, టేకూ మద్దీ ఆకు విప్పాయంటే కింద బండి ఉందో లేదో పైవాడికి తెలియదు. ఆకుల కింద పడిన తెల్లటి రెక్క ముక్క ఒక ఎండిన కొమ్మలాగే కనిపిస్తుంది. మీ దేశంలో స్టీవ్ ఫాసెట్ కథ అదే. బెలూన్‌లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొనగాడు 2007 సెప్టెంబర్ 3న నెవాడాలో చిన్న విమానం తీసుకుని ఒక్కడే బయల్దేరాడు. వారాల తరబడి వెతికినా దొరకలేదు. ఏడాది దాటాక కాలిఫోర్నియా కొండల్లో నడుస్తున్న ఒకాయనకు ఆయన కార్డులు కనబడి, దాని మీదట శిథిలాలు దొరికాయి.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. నల్లమల్లో ఆ అయిదుగుర్నీ ఏ ఆచూకీ పెట్టే బతికించేది కాదు. ఆ ప్రమాదాన్ని విచారించిన త్యాగి కమిటీ నివేదిక చూస్తే, గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సమస్య మీద పైలట్ల దృష్టి చిక్కుకుపోవడం, పెను మేఘంలోని కిందికి లాగే గాలి, ఇవీ కారణాలు. పెట్టె మేఘాన్ని ఆపదు. అది ఆదా చేసేది వెతికేవాళ్ళ కాలాన్ని. బతికి గాయాలతో పడి ఉన్నవాడికి మాత్రం ఆ కాలమే ప్రాణం. వెతకడానికి ఎగిరేవాళ్ళూ అదే చెడ్డ వాతావరణంలో, అదే కొండల మధ్య ఎగురుతారని కూడా గుర్తుంచుకో. నీ ఆచూకీ తెలియకపోతే ప్రమాదం నీ ఒక్కదానిదే కాదు.

అందుకే నీ విమానంలో నువ్వు మొదట చూడవలసింది ఏడీఎస్-బీ కాదు, ఈఎల్‌టీ. అది పాతది అయితే 121.5 మెగాహెర్ట్జ్ మీద అరుస్తుంది. ఆ తరంగం మీద ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆపేశాయి. అమెరికాలో అలాంటి పాతవి విమానాల్లో ఉంచుకోవడానికి చట్టం ఇంకా ఒప్పుకుంటుంది. అంటే కాగితం మీద నీకు ఈఎల్‌టీ ఉన్నట్టే, ఆకాశంలో వినేవాడు లేనట్టే. దాని పైనుంచి పోయే విమానం ఏదైనా ఆ తరంగం మీద చెవి పెట్టి ఉంటే తప్ప ఆ కేక గాలిలో కలిసిపోతుంది. కొత్తవి 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు సంఖ్య ఉంటుంది. నీ పేరు, ఫోను నంబరు నమోదు చేసి ఉంటే, కేక వినగానే ముందు మీ ఇంటికి ఫోను చేసి అది నిజమా, హ్యాంగర్‌లో పొరపాటున మోగిందా అని అడుగుతారు. ఉత్త 406 పరికరం ఉపగ్రహానికి కొద్ది కిలోమీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. జీపీఎస్ కలిపితే ఆ తేడా వంద మీటర్లకు దిగుతుంది. మన దేశంలో ఈ కేకలు బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరతాయి. చట్టం కనీసం అడుగుతుంది, అంతే. చట్టం ఒప్పుకున్నదల్లా పనికొస్తుందని అనుకోకు.

ఇక డబ్బు. మీ స్నేహితుడి బాధ అబద్ధం కాదు. అమెరికా విమానయాన సంస్థ 2010లో ఏడీఎస్-బీ నియమం ప్రకటించి 2020 జనవరి 1 వరకు గడువిచ్చింది. మొదట్లో పరికరం, బిగింపు కూలి కలిసి అయిదారు వేల డాలర్లు అయ్యేది. పాత సెస్నా 150 విలువలో అది చెప్పుకోదగ్గ వాటా. గడువు దగ్గరపడే కొద్దీ తయారీదార్లు పెరిగి, రెక్క చివరి దీపం తీసి ఆ స్థానంలోనే బిగించే పరికరాలు రెండువేల డాలర్లకు అటూ ఇటూగా వచ్చాయి. ప్రభుత్వం కూడా 20,000 మందికి సరిపడేలా తలా 500 డాలర్లు వాపసు ఇచ్చే పథకం పెట్టింది. ముందు కొన్నవాళ్ళు ఎక్కువ పెట్టారు, ఆగినవాళ్ళు లాభపడ్డారు, కడదాకా ఆగినవాళ్ళు మెకానిక్కుల దగ్గర వరుసలో నిలబడ్డారు.

ఈ రోజున కూలితో కలిపి మూడువేల డాలర్లు అనుకో, నలుగురికి తలా 750. నీ సెస్నా గంటకు ఆరు గ్యాలన్ల దాకా తాగుతుంది, గ్యాలన్ ఆరు డాలర్లంటే గంటకు 36. అంటే తలా ఇరవై గంటల పెట్రోలు. తక్కువని నేను అనను. ఇదిగాక ట్రాన్స్‌పాండర్‌ను రెండేళ్ళకోసారి పరీక్ష చేయించాలి, ఈఎల్‌టీ బ్యాటరీ గడువుకు మార్చాలి. అమ్మేవాడు ఈ కొసరు ఖర్చులు చెప్పడు, మీ లెక్కలో మీరే రాసుకోండి.

దీనికి బదులుగా వచ్చేది కూడా రాసుకోండి. మీ ఆస్టిన్, టల్సా లాంటి మధ్యస్థపు విమానాశ్రయాల ఆకాశంలోకి పెట్టె లేకుండా అడుగు పెట్టకూడదు. పెట్టె ఉంటే ఆ గోడలు తొలగిపోతాయి. అమ్ముకునే రోజున కొనేవాడు మొదట అడిగేదీ అదే. 978 మెగాహెర్ట్జ్ మీద కింది స్టేషన్లు వాతావరణ సమాచారాన్ని ఉచితంగా పంపిస్తాయి, చిన్న రిసీవర్, ట్యాబ్లెట్ ఉంటే చాలు. రిసీవర్ ఒక్కటి కొనుక్కుని ప్రసారం మానేద్దామని మీలో ఎవరికైనా తోచిందేమో. అది చెల్లదు. కింది స్టేషన్ చుట్టుపక్కల విమానాల పూర్తి చిత్రాన్ని పంపేది ప్రసారం చేస్తున్న విమానం చుట్టూ ఉన్న ప్రాంతానికే. తన ఆచూకీ చెప్పనివాడికి ఎదుటివాళ్ళ ఆచూకీ సగమే అందుతుంది. ఇంత న్యాయమైన ఏర్పాటు ప్రభుత్వ నియమాల్లో అరుదు.

రెండో స్నేహితుడి అనుమానం మీద నాకు గౌరవం ఉంది. మన తల్లాడ సెంటర్లో టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్ల మాటలు వింటే నీకూ అర్థమవుతుంది. ఓనర్లు బండికి జీపీఎస్ పెట్టెలు బిగించారు. సత్తుపల్లి రోడ్డు మీద బండి చెడితే అది దేవుడిలాంటిది. టీకి పదినిమిషాలు ఎక్కువ ఆగితే ఫోను వచ్చేదీ దాని వల్లనే. పెట్టె ఒక్కటే, దాని వెనక కూర్చున్నవాడి ఉద్దేశం మారితే పని మారిపోతుంది.

అమెరికాలో అచ్చంగా ఇదే తగాదా నడుస్తోంది. ప్రమాదాలు తగ్గించడానికని పెట్టించిన ప్రసారాన్ని వినిపెట్టుకుని, ఎవరు ఎక్కడ దిగారో లెక్కగట్టి, కొన్ని చిన్న విమానాశ్రయాలు ల్యాండింగ్ ఫీజు బిల్లులు ఇంటికి పంపిస్తున్నాయి. పైలట్ల సంఘం దాన్ని గట్టిగా ఎదిరిస్తోంది. అందులో న్యాయం ఉంది. ల్యాండింగ్ ప్రాక్టీసు చేసే శిష్యుడు బిల్లుకు జడిసి రెండుసార్లు తక్కువ దిగితే, భద్రత కోసం వచ్చిన పరికరమే భద్రతకు చేటు అవుతుంది. పైగా ఈ ప్రసారాన్ని దాచే తాళమేమీ లేదు, ఇంటి మీద యాంటెన్నా పెట్టుకున్న ఎవరైనా వినొచ్చు. కాకపోతే మీకు కొంత తెరచాటు ఉంది. 978 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసే పరికరాల్లో, విమాన నియంత్రణ కేంద్రం (ఏటీసీ) సేవ తీసుకోకుండా కళ్ళతో చూసి ఎగిరే నియమాల మీద ఎగిరేటప్పుడు, గుర్తు దాచుకునే ఏర్పాటు ఉంటుంది. కొనేముందు అది ఉన్నదో లేదో అడుగు. అప్పుడు ఒక విమానం ఉందని పక్కవాడికి తెలుస్తుంది, అది నీదని తెలియదు. ఢీకొనకుండా ఉండటానికి అంత చాలు.

ఇక అది చేయలేని పనులు. ఏడీఎస్-బీది చూపులా తిన్నగా పోయే రేడియో తరంగం, కొండ అడ్డమొస్తే కింది స్టేషన్‌కు అందదు. నువ్వు లోయలో తక్కువ ఎత్తున ఉంటే తెరమీద లేనట్టే. జీపీఎస్ తప్పు చెబితే అదే తప్పును నమ్మకంగా ప్రసారం చేస్తుంది. ఇంజనుతో నడిచే కరెంటు ఏర్పాటు లేని పాత విమానాలకు, గ్లైడర్లకు, బెలూన్లకు మినహాయింపు ఉంది, అవి నీ ట్యాబ్లెట్‌లో కనబడకపోవచ్చు. తెర ఖాళీగా ఉంటే ఆకాశం ఖాళీగా ఉన్నట్టు కాదు. అన్నిటికన్నా మోసం చేసేది వాతావరణ చిత్రం. చిత్రం వయసని తెరమీద రాసిన నిమిషాలకన్నా అందులోని మేఘం పాతదై ఉంటుంది, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాల తేడా. దాన్ని నమ్మి ఉరుముల మేఘాల దగ్గరికి వెళ్ళిన పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నారని అక్కడి ప్రమాద విచారణ బోర్డే హెచ్చరించింది. ఆ చిత్రం వాన నుంచి దూరంగా తిరిగి రావడానికి, సందు వెతకడానికి కాదు. కళ్ళు కిటికీ బయట ఉండాలి, తెరకు అప్పుడప్పుడూ ఒక చూపు చాలు.

ఇంతకీ నిర్బంధం న్యాయమేనా అని అడిగావు. నా తీర్పు ఇది. రద్దీ ఆకాశంలో న్యాయమే. అక్కడ నీ మౌనం వల్ల నష్టపోయేది నీవు ఎన్నడూ చూడని ప్రయాణికులు, ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు. గడ్డి రన్‌వే మీంచి లేచి పొలాల మీద తిరిగి అక్కడే దిగే ముసలి రైతు విమానానికి అదే బరువు వేయడం అన్యాయం. అమెరికా వాళ్ళు ఆ గీత గీశారు, బాగానే గీశారు. రెండో షరతు, లాభం అందరిదీ అయినప్పుడు ఖర్చులో కొంత అందరూ భరించాలి. 500 డాలర్ల వాపసు దయ కాదు, పద్దు ప్రకారం రావలసిన వాటా. మూడోది, భద్రత పేరుతో తీసుకున్న సమాచారం భద్రతకే వాడాలి. ఈ మూడూ ఉంటే నిర్బంధం మీద నాకు పేచీ లేదు. మన దేశంలో సొంత విమానాలు ఎగరేసేవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే, రేపు పెరుగుతారు. అప్పుడు మనవాళ్ళు నియమం రాసేటప్పుడు ఈ మూడింటినీ చూసుకుంటే బాగుంటుంది.

నిన్ను చట్టం బలవంతపెట్టడం లేదు గనక నీకు చెప్పేది సలహా. ఈ వరసలో చేయండి. మొదట ఈఎల్‌టీ విప్పి చూడండి. 121.5దైతే మార్చి 406ది పెట్టించి, మీ నలుగురి నంబర్లతో నమోదు చేయండి. ఇళ్ళు మారినప్పుడు నమోదూ మార్చండి. రెండోది ఏడీఎస్-బీ ప్రసారం. బిగించాక ఒకసారి ఎగిరి వచ్చి, అది సరిగా పనిచేసిందో లేదో నివేదిక ఇమ్మని విమానయాన సంస్థను అడగండి, ఉచితంగా ఇస్తారు. బిగించినవాడి మాట మీద ఆగకండి. మూడోది రిసీవర్. ఆ తర్వాత డబ్బు మిగిలితే కొత్త సీట్లూ రంగులూ.

ఇక మీ అమ్మ భయం. నువ్వు ఎటు వెళ్తున్నావో, ఏ దారిన, ఎన్ని గంటలకు తిరిగి వస్తావో, రాకపోతే ఎవరికి ఫోను చేయాలో కింద ఒక మనిషికి చెప్పకుండా చక్రం కదపకు. ఫ్లైట్ ప్లాన్ వేయి, దిగాక దాన్ని మూయడం మరవకు. దీనికి పైసా ఖర్చు లేదు, ఏ పెట్టె ఉన్నా ఇది మానడానికి వీల్లేదు.

మీ నలుగురూ కూర్చుని ఈ ఉత్తరం చదివి, ఆ ఈఎల్‌టీ మీద ఏ నంబరు ఉందో ముందు నాకు రాయండి.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య.